విషాదాంత నాటకం - రచనా శిల్పం

నాటకం కంటితో చూసే కావ్యం. అందుకే మన పెద్దలు దానిని దృశ్యకావ్యం అన్నారు. చదువుకునే కథలో రచయిత మధ్యమధ్య వచ్చి, ఫలానా పాత్ర మనసులో ఇలా ఉందని, రాబోయేది ఇదని మనకు చెప్పగలడు. నాటకకర్తకు ఆ వీలు లేదు. అతడు తెర వెనుకనే ఉండిపోవాలి. చెప్పదలచినదంతా పాత్రల మాటలలో, చేతలలో, రంగస్థలం మీద కనిపించే వస్తువులలో ఇమిడ్చి చెప్పాలి. ఇలా ఇమిడ్చే నేర్పునే నాటక రచనా శిల్పం అంటాం. ప్రేక్షకుని కంట తడి పెట్టించే విషాదాంత నాటకాలలో ఈ శిల్పం ఎలా పనిచేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

విషాదాంతం అంటే ఏమిటి?

దుఃఖం ఉన్న ప్రతి నాటకమూ విషాదాంతం కాదు. హరిశ్చంద్ర నాటకాన్ని తీసుకోండి. తెలుగునాట కాటిసీను చూసి ఏడవని ప్రేక్షకుడు అరుదు. రాజ్యం పోయింది, భార్య అమ్ముడుపోయింది, కొడుకు పాముకాటుకు బలి అయ్యాడు. తండ్రి కాటికాపరిగా నిలబడి, కన్నకొడుకు శవానికే సుంకం అడుగుతాడు. ఇంతకు మించిన దుఃఖం ఏముంటుంది? అయినా చివరికి దేవతలు ప్రత్యక్షమవుతారు. కొడుకు బతుకుతాడు, రాజ్యం తిరిగి వస్తుంది. కళ్ళు తుడుచుకొని, మంగళహారతి చూసి మనం ఇంటికి వస్తాం. కాబట్టి అది విషాదంతో నిండిన నాటకమే గాని, విషాదాంత నాటకం కాదు.

పోయినది తిరిగి రాకుండా ముగిసేది విషాదాంతం. అందులో దేవుడు దిగిరాడు, వరం దొరకదు. జరిగిన పని జరిగినట్లే నిలిచిపోతుంది.

సంస్కృత నాటకాలు సాధారణంగా మంగళాంతాలు. మరణం, యుద్ధం, రాజ్యనాశం వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని భరతుని నాట్యశాస్త్రం చెప్పింది. అటువంటి సంగతులను ఇతర పాత్రల సంభాషణ ద్వారా ప్రేక్షకులకు తెలియజేయాలి. ఈ నియమానికి భాసుని ‘ఊరుభంగం’ గొప్ప మినహాయింపు. అందులో దుర్యోధనుడు రంగస్థలం మీదనే ప్రాణం విడుస్తాడు. అయితే భాసుని నాటకాలు చాలాకాలం మరుగున పడి ఉన్నాయి. టి. గణపతి శాస్త్రి గారు ఆ తాళపత్ర ప్రతులను 1909లో కేరళ ప్రాంతంలో గుర్తించి, 1912 నుండి తిరువనంతపురంలో ప్రకటించారు.

బళ్ళారిలో కొత్త అడుగు

తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసిన ఊరు నేటి కర్ణాటకలోని బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) అక్కడ న్యాయవాదిగా ఉంటూ ‘సరస వినోదిని సభ’ను నెలకొల్పి, నాటకాలు వ్రాసి ఆడించారు. ఆయనకు ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని బిరుదు. ఆయన రచించిన ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఆ ఊరిలోనే మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) చరిత్ర నుండి ఇతివృత్తాలు తీసుకొని నాటకాలు వ్రాశారు. విజయనగర పతనాన్ని చూపే ‘రామరాజు చరిత్రము’ వాటిలో ప్రసిద్ధం. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) ఆ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ధరించి పేరు పొందాడు.

బళ్ళారి అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన బీదర్ 1956 నవంబరు 1న ఆ రాష్ట్రంలోకి వచ్చింది. రాష్ట్రాల హద్దులు మారినా ఆ నాటకాలు తెలుగువారందరివీ. కుశనూర్ వంటి ఊళ్ళలో తెలుగు చదువుకునే పిల్లలకు అవి పొరుగింటి ఆస్తి కాదు, సొంత ఆస్తి.

సారంగధర కథ

సారంగధరుని కథ పాతది. గౌరన ‘నవనాథ చరిత్ర’లోనూ, చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’లోనూ ఇది కనిపిస్తుంది. ప్రచారంలో ఉన్న కథ ఇది. రాజమహేంద్రవరం ఏలే రాజరాజ నరేంద్రుని కొడుకు సారంగధరుడు. అతనికి పావురాలంటే ఇష్టం. ఒకనాడు అతని పావురం ఎగిరిపోయి, సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దానికోసం సారంగధరుడు ఆమె మందిరంలోకి వెళ్ళాడు. చిత్రాంగి అతనిపై మోహం వెల్లడించింది. అతడు తల్లివంటిదానివని చెప్పి తిరస్కరించి వచ్చాడు. అవమానం పట్టలేక ఆమె, సారంగధరుడే తనను బలాత్కరింపబోయాడని రాజుతో చెప్పింది. రాజు విచారించలేదు. కొడుకును పిలిచి అడగలేదు. కాళ్ళు చేతులు నరికించమని ఆజ్ఞ ఇచ్చాడు.

పాత కావ్యకథలో ఒక సిద్ధుడు వచ్చి సారంగధరునికి కాళ్ళు చేతులు తిరిగి ఇస్తాడు. రామకృష్ణమాచార్యులు ఈ మంగళకరమైన ముగింపును విడిచిపెట్టి, కథను విషాదాంతం చేశారు. ఇది చరిత్రలో జరిగిన సంగతి అనడానికి ఆధారాలు లేవు. అయినా రాజమహేంద్రవరంలో సారంగధర మెట్టను ఇప్పటికీ చూపుతారు. కథ జనం గుండెల్లో అంతగా నాటుకొన్నది.

ఈ కథను దృష్టిలో ఉంచుకొని, విషాదాంత నాటకాల పద్ధతులను ఒక్కొక్కటిగా చూద్దాం.

1. నాయకుని లోపం

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ‘పొయెటిక్స్’ అనే గ్రంథంలో విషాద నాటకాన్ని విశ్లేషించాడు. దుర్మార్గుడు పడిపోతే మనకు జాలి కలగదు. ఏ లోపమూ లేని ఉత్తముడు పడిపోతే మనసు ఒప్పుకోక విరిగిపోతుంది. కాబట్టి విషాద నాయకుడు ఈ ఇద్దరికీ మధ్య ఉండాలన్నాడు. అతడు గొప్పవాడే, కాని ఒక పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటే అతనిని కూలుస్తుంది.

సారంగధర కథలో చనిపోయేది కొడుకు. కాని పొరపాటు తండ్రిది. రాజరాజ నరేంద్రుడు క్రూరుడు కాడు, నన్నయ చేత భారతం చెప్పించిన రాజు. అతనిలో ఉన్న లోపం ఒక్కటే, కోపంలో తీర్పు చెప్పడం.

విజయనగర చరిత్రలో అళియ రామరాజు సంగతి చూడండి. అతడు శ్రీకృష్ణదేవరాయల అల్లుడు, గొప్ప రాజనీతిజ్ఞుడు. దక్కను సుల్తానులలో ఒకసారి ఒకరి పక్షం, మరొకసారి మరొకరి పక్షం వహించి, వారు ఏకం కాకుండా చాలాకాలం నెగ్గుకొచ్చాడు. ఆ చాతుర్యం మీద అతనికి నమ్మకం పెరిగింది. చివరకు ఆ చాతుర్యమే సుల్తానులకు కంటగింపై, బిజాపూర్, అహమ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు ఏకమయ్యారు. 1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధంలో రామరాజు తల తెగింది. బలమే బలహీనత కావడం విషాద నాయకుని లక్షణం. కోలాచలం వారు ఈ ఇతివృత్తాన్ని ఎన్నుకోవడంలో ఔచిత్యం ఇదే.

2. భాగ్య విపర్యయం

మేలు కోసం చేసిన పని కీడుగా తిరగడం భాగ్య విపర్యయం. కథ ఒక దిక్కుగా పోతూ ఒక్కసారి ఎదురు తిరుగుతుంది.

పై చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజ్యానికి రాకముందు ప్రాణభయంతో వచ్చి, సుమారు 7 సంవత్సరాలు విజయనగరంలో రామరాజు అండన తలదాచుకొన్నాడు. తెలుగు నేర్చుకొన్నాడు. తెలుగు కవులు తరువాత అతనిని మల్కిభరాముడని కీర్తించారు. ఆశ్రయం పొందిన ఆ ఇబ్రహీమే తళ్ళికోటలో ఎదుటి పక్షాన నిలిచాడు. నాటకకర్త కల్పించనక్కర లేని విపర్యయం ఇది.

బీదర్ జిల్లాలోని బసవకల్యాణంలో 12వ శతాబ్దంలో జరిగిన విషాదం మీకు తెలిసే ఉంటుంది. అక్కడ కులభేదాలు వద్దన్న శరణులు ఒక పెళ్ళి చేశారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మధువరసు కూతురికి, చెప్పులు కుట్టే హరళయ్య కొడుకుకు పెళ్ళి. పెళ్ళి అంటే శుభకార్యం. దాని ఫలితం మాత్రం ఇద్దరు తండ్రులకు మరణదండన, నగరంలో రక్తపాతం, బిజ్జల రాజు హత్య, శరణులు చెల్లాచెదరు కావడం. గిరీశ్ కర్నాడ్ కన్నడంలో వ్రాసిన ‘తలెదండ’ (1990) నాటకానికి ఇదే ఇతివృత్తం. పెళ్ళిపందిరి నుండి వధ్యశిల దాకా సాగే దారిని చూపడంలోనే ఆ నాటకం బలమంతా ఉంది.

3. నాటకీయ వ్యంగ్యం

పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి ముందే తెలియడం నాటకీయ వ్యంగ్యం. విషాద నాటకానికి ఇది ఊపిరి.

చిత్రాంగి రాజుతో అబద్ధం చెబుతున్నప్పుడు అది అబద్ధమని మనకు తెలుసు. మందిరంలో ఏం జరిగిందో మనం చూశాం. రాజు చూడలేదు. ఆ సమయంలో సభలో ఉన్న ప్రతివాడికీ లేచి నిలబడి ‘అబద్ధం!’ అని అరవాలనిపిస్తుంది. అరిచినా రాజుకు వినబడదు. తెలిసీ ఆపలేని ఈ నిస్సహాయతలో నుండే విషాదం పుడుతుంది. నిజం దాచిపెట్టి చివర బయటపెడితే ప్రేక్షకునికి ఆశ్చర్యం కలుగుతుంది. ముందే చెప్పి ఉంచితే గుండె దడ పుడుతుంది.

దీనికి దగ్గరగా మన ఆలంకారికులు ‘పతాకస్థానకం’ అనే ప్రక్రియను చెప్పారు. ఒకదాని గురించి అన్న మాట తెలియకుండానే మరొకదానికి అన్వయించడం దాని లక్షణం. భవభూతి ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకంలో సీత అలసి రాముని చేతిపై నిద్రపోతుంది. ఆమెకు సంబంధించినదంతా తనకు ప్రియమేనని, ఆమె ఎడబాటు ఒక్కటే ఓర్వలేనిదని రాముడు అనుకొంటాడు. సరిగ్గా అప్పుడే ద్వారపాలిక వచ్చి, ‘వచ్చింది ప్రభూ’ అన్న అర్థంలో ఒక్క మాట అంటుంది. ఆమె చెప్పబోయేది గూఢచారి దుర్ముఖుడు వచ్చాడని. ప్రేక్షకునికి మాత్రం వియోగమే గుమ్మంలోకి వచ్చినట్లు వినిపిస్తుంది. దుర్ముఖుడు తెచ్చే లోకాపవాదమే సీతారాములను విడదీస్తుంది.

4. స్వగతం

పాత్ర తనలో తాను అనుకొనే మాటలు స్వగతం. ఎదుటి పాత్రలకు వినబడనట్లు, ప్రేక్షకులకు మాత్రం వినబడేటట్లు ఇవి సాగుతాయి. అందరూ వినేటట్లు అనేది ప్రకాశం. అనేకులు ఉన్నచోట కొందరిని మరుగుపరచి మరొకరితో రహస్యంగా మాట్లాడడం జనాంతికం.

పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి అనుకొనే పాత్రను చూపడానికి స్వగతం చాలా ఉపయోగం. దుష్టపాత్ర కూడా తన బాధను స్వగతంలో చెప్పుకొంటే మనం ఆ పాత్రను పూర్తిగా అసహ్యించుకోలేం. మంచి విషాద నాటకంలో ఎవరిపైన కోపం తెచ్చుకోవాలో మనకు అంత సులభంగా తెలియదు.

5. చిన్న వస్తువు, పెద్ద ఫలితం

సారంగధర కథ అంతా ఒక పావురంతో మొదలవుతుంది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో ఒక చేతిరుమాలు ఉంది. ఇయాగో దానిని చేజిక్కించుకొని సాక్ష్యంగా వాడగా, ఒథెల్లో భార్యను అనుమానించి చంపుతాడు. ఒక పక్షి, ఒక గుడ్డపేలిక. ఇంత చిన్నవి ఇంత పెద్ద నాశనానికి కారణం కావడంతో, ‘అది ఎగరకుండా ఉంటే? అది జారిపడకుండా ఉంటే?’ అని ప్రేక్షకుడు పదేపదే అనుకొంటాడు.

6. గుర్తింపు

తెలియనిది తెలియడం గుర్తింపు. కాటిసీనులో చంద్రమతి మంగళసూత్రం భర్తకు తప్ప ఇతరులకు కనబడదు. కాటికాపరి ఆ సూత్రం మాట ఎత్తగానే అతడు తన భర్తేనని ఆమె గ్రహిస్తుంది. అక్కడ గుర్తింపు దుఃఖం మధ్యలో వచ్చింది కనుక, ఇంకా దారి మిగిలి ఉంది.

విషాదాంతంలో గుర్తింపు ఆలస్యంగా వస్తుంది. సోఫొక్లిస్ వ్రాసిన గ్రీకు నాటకంలో ఈడిపస్ రాజు, పాత రాజును చంపినవాడెవడో కనిపెట్టి తీరుతానని శపథం చేస్తాడు. వెదకగా వెదకగా దొరికిన హంతకుడు తానే. చచ్చినవాడు తన తండ్రే. సంతోషవార్త తెచ్చానని వచ్చిన దూత మాటలతోనే ఈ రహస్యం బయటపడుతుంది. విపర్యయమూ గుర్తింపూ ఒకేసారి రావడం ఉత్తమమని అరిస్టాటిల్ ఈ నాటకాన్నే ఉదాహరించాడు.

7. చూపడం, చూపకపోవడం

మరణాన్ని రంగస్థలంపై చూపాలా? గ్రీకు నాటకాలలోనూ హత్యలు సాధారణంగా తెర వెనుకనే జరుగుతాయి. దూత వచ్చి వర్ణిస్తాడు. చెవితో విన్నదానిని మనసు తానే చిత్రించుకొంటుంది. ఆ చిత్రం ఒక్కొక్కప్పుడు కంటితో చూసినదానికంటె భయంకరంగా ఉంటుంది.

భాసుడు చూపాడు. అయితే రక్తాన్ని నమ్ముకోలేదు. తొడలు విరిగి నేలపై పడి ఉన్న దుర్యోధనుని దగ్గరకు చిన్న కొడుకు దుర్జయుడు వస్తాడు. రోజూ కూర్చొనేటట్లే తండ్రి తొడపై కూర్చోబోతాడు. తండ్రి వద్దని వారిస్తాడు. ఎందుకు వద్దంటున్నాడో పసివాడికి తెలియదు, మనకు తెలుసు. భారతమంతా దుర్యోధనుని ద్వేషించినవారు కూడా ఇక్కడ కంట తడి పెడతారు.

నటుని నేర్పు కూడా ఇక్కడ ముఖ్యం. పద్యాన్ని రాగంతో సాగదీసి చప్పట్లు కొట్టించుకోవడం వాడుకగా ఉన్న కాలంలో, భావానికి తగిన మాట విరుపుకు, సహజమైన అభినయానికి బళ్ళారి రాఘవ ప్రాధాన్యమిచ్చాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఒక్కొక్కప్పుడు మౌనంగానే ఉంటాడు. ఆ మౌనం కూడా నాటకంలో ఒక మాటే.

8. హాస్య విరామం

విషాదం ఎడతెగకుండా సాగితే ప్రేక్షకుని మనసు మొద్దుబారుతుంది. అందుకే నాటకకర్తలు నడుమ కొంచెం హాస్యం పెడతారు. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో రాజు హత్య జరిగిన వెంటనే, తాగిన ద్వారపాలకుడు ఒకడు వచ్చి వాగుతాడు. అవతల ఎవరో తలుపు బాదుతున్నారు. మనం నవ్వుతాం. కాని లోపల శవం ఉందని మనకు తెలుసు. నవ్వు ఆగగానే భయం రెట్టింపు అవుతుంది.

ఈ పద్ధతులన్నీ ఎందుకు?

ఈ ఎనిమిది పద్ధతులనూ కలిపి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇవన్నీ ప్రేక్షకుని మనసులో ‘ఇంకా సమయం ఉంది, ఇప్పుడైనా ఆగవచ్చు’ అన్న ఆశను నిలబెడతాయి. పిడుగు పడి చనిపోయినవాని కథ దుఃఖకరమే. అయినా దానిలో నాటకం లేదు, అక్కడ ఎవరూ ఆపగలిగింది లేదు. సారంగధర కథలో అలా కాదు. రాజు ‘నాయనా, ఏం జరిగింది?’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఆ ఒక్క ప్రశ్న కోసం మనం నాటకం సాగినంతసేపూ ఎదురుచూస్తాం. రాజు అడగడు.

ఇప్పుడు ముగింపు సంగతి ఆలోచించండి. సిద్ధుడు వచ్చి కాళ్ళు చేతులు ఇచ్చినప్పుడు కొడుకుతో పాటు తండ్రి కూడా బయటపడతాడు. అతని తప్పుకు పర్యవసానం మిగలదు. తొందరపడి తీర్పు చెప్పినా ఎవరో ఒకరు వచ్చి సరిదిద్దుతారన్న ధైర్యం ప్రేక్షకునికి కలుగుతుంది. ముగింపు మార్చడంతో ఆ ధైర్యం పోయింది. నరికిన చేయి మళ్ళీ రాదు. కాబట్టి కత్తి ఎత్తకముందే అడగాలి. సంప్రదాయాన్ని దాటి విషాదాంతం చేయడంలోని ప్రయోజనం ఇది.

ఇంత దుఃఖపెట్టే నాటకాన్ని జనం డబ్బిచ్చి మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తారు? జాలి, భయం కలిగించి, ఆ భావాలను విషాద నాటకం ప్రక్షాళన చేస్తుందని అరిస్టాటిల్ అన్నాడు. లోకంలో శోకం అయినది కావ్యంలో కరుణరసం అవుతుందని మన ఆలంకారికులు అన్నారు. మన ఇంటి దుఃఖంలో మనం మునిగిపోతాం, చుట్టూ చూడలేం. రంగస్థలం మీది దుఃఖాన్ని కొంచెం దూరం నుండి చూస్తాం కనుక, ఎక్కడ ఏ మాట తప్పిందో కనిపెట్టగలం.

ఊరి పంచాయతీలోనైనా, తరగతి గదిలోనైనా, ఇంట్లోనైనా ఎవరో ఒకరిపై నింద పడుతూనే ఉంటుంది. అప్పుడు మనం రాజు స్థానంలో ఉంటాం. నాటకం చూసినవానికి ఆ క్షణంలో ఎదుటివానిని ఒక్క మాట అడగాలని గుర్తుకు వస్తే, ఆ నాటకం ఫలించినట్లే.

అభ్యాసం

1. హరిశ్చంద్ర నాటకం విషాదాంతం కాదని ఎలా చెప్పగలరు?
2. ‘బలమే బలహీనత కావడం’ - రామరాజు చరిత్ర ఆధారంగా వివరించండి.
3. నాటకీయ వ్యంగ్యానికి, పతాకస్థానకానికి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
4. సారంగధర కథకు ఏ ముగింపు ఉచితమని మీరు అనుకొంటారు? కారణాలతో వ్రాయండి.
5. మీ ఊరిలో ప్రదర్శించిన నాటకం గాని, బయలాట గాని, ఏ భాషలోనిదైనా సరే, ఒకదానిని తీసుకొని, ఈ పాఠంలోని పద్ధతులలో ఏవి అందులో ఉన్నాయో పెద్దలను అడిగి తెలుసుకోండి.